సముద్రపు చలిలో పండిన షార్డొనే

భూమధ్యరేఖ నుంచి శ్రీనగర్ ఎంత దూరమో, దక్షిణాఫ్రికాలోని హర్మానస్ పట్నం కూడా దాదాపు అంతే దూరం. అది ఉత్తరాన, ఇది దక్షిణాన, రెండూ 34 డిగ్రీల అక్షాంశం దగ్గరే. షార్డొనే ద్రాక్షకు పుట్టిల్లు అయిన ఫ్రాన్స్‌లోని బర్గండీ మాత్రం 47 డిగ్రీల దగ్గర ఉంది. ఈ లెక్కన హర్మానస్ ఎండ బర్గండీ ఎండ కంటే చాలా గట్టిగా కాయాలి. అయినా హర్మానస్ వెనక కొండల మధ్య ఉన్న హేమెల్-ఎన్-ఆర్డ లోయలో, హామిల్టన్ రస్సెల్ తోటలో తయారయ్యే షార్డొనేని వైన్ తెలిసినవాళ్లు చల్లని ప్రాంతపు వైన్ల వరసలోనే కూర్చోబెడతారు. దక్షిణాఫ్రికా తెల్ల వైన్లలో మేటివి చెప్పమంటే ఈ పేరు తప్పకుండా వస్తుంది.

అక్షాంశం ఒకటి చెబుతుంటే సీసాలోని వైన్ ఇంకొకటి ఎందుకు చెబుతోంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళితే ద్రాక్ష గురించీ, సముద్రం గురించీ, ఒక దేశపు చట్టాల గురించీ చాలా సంగతులు తెలుస్తాయి.

ద్రాక్షకు చలి ఎందుకు కావాలి?

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. మన దగ్గర ద్రాక్షతీగకు సరైన చలికాలం దొరకదు. ఆకు రాల్చి నాలుగు నెలలు నిద్రపోదామన్నా వాతావరణం పోనివ్వదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడతాడు. వేసవి మొదట్లో చేసే కత్తిరింపు కొత్త కొమ్మ కోసం, అక్టోబరు ప్రాంతంలో చేసేది కాపు కోసం. తినే ద్రాక్షకు ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. తినే పండులో మనం చూసేది తీపి, రసం, కండ. వైన్ కోసం పండించే ద్రాక్షలో ఇవి చాలవు. తీపి ఎక్కాలి, తీపి ఎక్కినా పులుపు మిగలాలి, ఈలోగా పరిమళం కూడా ముదరాలి. మూడూ ఒకే వారంలో కలిసి రావాలి. కష్టమంతా అక్కడుంది.

మామిడిని తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పచ్చి కాయలో పులుపే రాజ్యం. పండేకొద్దీ పులుపు జారుకుని తీపి చేరుతుంది. బాగా మగ్గితే తీపి ఒక్కటే మిగిలి, రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. తినేవాడికి నచ్చే పండు ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది. ద్రాక్షలోనూ అంతే. కాకపోతే ఆ మధ్య ఘడియ ఎన్ని రోజులు ఉంటుందన్నది చలి తేలుస్తుంది.

ద్రాక్షలో ముఖ్యంగా రెండు ఆమ్లాలు ఉంటాయి. ఒకటి టార్టారిక్, రెండోది మాలిక్. టార్టారిక్ మొండిది, ఎండకు పెద్దగా తగ్గదు. మాలిక్ అలా కాదు. మెత్తబడటం మొదలైన దగ్గర నుంచి కాయ తన శ్వాసక్రియకు ఇంధనంగా దాన్ని ఖర్చు చేస్తుంది. వేడి పెరిగితే ఆ ఖర్చూ పెరుగుతుంది. ఎండ మండే చోట తీపి వేగంగా ఎక్కుతుంది, పులుపు అంతకంటే వేగంగా పోతుంది, పరిమళం మాత్రం వెనకబడుతుంది. అప్పుడు రైతుకు మిగిలేవి రెండు దారులు. తొందరగా కోస్తే పసరు వాసన. ఆగితే చక్కెర మితిమీరుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. కాబట్టి చక్కెర పెరిగిన ప్రతిసారీ వైన్ బరువెక్కి, గొంతులో మంట పెడుతుంది. తగ్గిన పులుపును పూడ్చడానికి బయటి నుంచి టార్టారిక్ ఆమ్లం కలుపుతారు. వేడి దేశాల్లో ఇది చట్టం ఒప్పుకున్న పనే, చాలామంది చేసేదే. కానీ పండులోనే మిగిలిన పులుపు వైన్‌లో ఒదిగినట్టు కలిపిన పులుపు ఒదగదని నా నాలుక చెబుతుంది.

చల్లని చోట ఈ పరుగు నెమ్మదిస్తుంది. పండు ఆలస్యంగా పండుతుంది, మాలిక్ కొంత మిగులుతుంది, పరిమళం తీపిని అందుకుంటుంది. అలాంటి షార్డొనేలో నిమ్మ, ఆకుపచ్చ ఆపిల్, బేరిపండు వాసనలు వస్తాయి. వేడి చోట పండిన షార్డొనేలో అనాస, ముగ్గిన మామిడి వాసనలు వస్తాయి. ద్రాక్ష రకం ఒకటే.

ఈ తేడా మిగతా ద్రాక్షల కంటే షార్డొనేలో బాగా బయటపడటానికి ఒక కారణం ఉంది. మస్కట్ లాంటి రకాలకు ఎక్కడ పెంచినా పోని గాఢమైన సొంత వాసన ఉంది. షార్డొనేకి అది లేదు. దాని సొంత గొంతు చాలా మెల్లనిది. అందువల్ల పెరిగిన నేలా, గాలీ, తయారు చేసినవాడి చెయ్యీ ఇందులో దాపరికం లేకుండా తెలిసిపోతాయి. మంచి చోట మంచి చేతిలో పడితే ఇది గొప్ప వైన్ అవుతుంది. లేకపోతే ఏమీ కాకుండా పోతుంది.

34 డిగ్రీల దగ్గర ఆ చలి ఎలా వచ్చింది?

సముద్రం నుంచి. హర్మానస్ కేప్‌టౌన్‌కు ఆగ్నేయంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, వాకర్ బే ఒడ్డున ఉంది. చలికాలంలో అంటార్కిటికా వైపు నుంచి తిమింగలాలు పిల్లల్ని కనడానికి వచ్చే అఖాతం అది. ఒడ్డు మీద నిలబడి చూసేవారికి కనిపించేంత దగ్గరగా వస్తాయి. ఆఫ్రికా ఖండానికి దక్షిణపు కొస అయిన అగుల్హాస్ అగ్రానికి పడమటి పక్కన ఉంది కాబట్టి ఇక్కడి నీరు అట్లాంటిక్‌ది. తూర్పున హిందూ మహాసముద్రంలో వేడి ప్రవాహం ఉంటే, ఈ పక్క నీరు చల్లన. వేసవిలో ఆగ్నేయం నుంచి బలమైన గాలి వీస్తుంది. ఆ గాలి తీరం దగ్గరి పైనీటిని సముద్రం లోపలికి తోసేస్తే, దాని చోటులోకి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. దాని మీదుగా వచ్చే గాలి చల్లబడి, ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న లోయలోకి దూరుతుంది. లోయకు రెండు పక్కలా కొండలు ఉండటం వల్ల మబ్బులు అక్కడ చిక్కుకుంటాయి. మధ్యాహ్నం ఎండ తీవ్రత తగ్గుతుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ద్రాక్ష పెరిగే నెలల సగటు ఉష్ణోగ్రతను బట్టి ప్రాంతాలను విడదీసే పద్ధతిని వాతావరణ శాస్త్రవేత్త గ్రెగరీ జోన్స్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. అందులో 13 నుంచి 15 డిగ్రీల మధ్య ఉన్నవి చల్లని ప్రాంతాలు. ఆ కొలతతో కొలిస్తే హేమెల్-ఎన్-ఆర్డ చల్లని గడిలోకి రాదు, అంతకంటే వెచ్చని గడిలో ఉంటుంది. స్టెలెన్‌బాష్ లాంటి లోపలి ప్రాంతాలతో పోలిస్తే మాత్రం ఇది స్పష్టంగా చల్లన. మరి ఈ వైన్‌కు చల్లని ప్రాంతపు వైన్ అన్న పేరు చెల్లుతుందా? చెల్లుతుందనే నా అభిప్రాయం. సగటు అంకె ఒక్కటే పండు భవితవ్యం తేల్చదు. పగటి ఎండ ఎంత పైకి పోతుంది, ఎన్ని రోజులు తీగ ఆకులు ముడుచుకునేంత వేడి ఉంటుంది అన్నవి కూడా తేలుస్తాయి. బర్గండీలో వేసవిలో వడగాడ్పులూ, వసంతంలో చిగుళ్లను మాడ్చే మంచూ రెండూ ఉన్నాయి. ఇక్కడ సముద్రం ఆ రెండు కొసలనూ కోసేస్తుంది. చలి తక్కువే అయినా నిలకడగా ఉంటుంది. ఈ షార్డొనేలో బర్గండీ బిగువు ఉంటూనే దాని కంటే కాస్త పండిన కండ కనిపించడం ఇందువల్లే.

అంత మంచి చోటును అంతకాలం ఎందుకు వదిలేశారు?

కేప్‌టౌన్ చుట్టూ ఉన్న కేప్ ప్రాంతంలో మొదటి వైన్ 1659 ఫిబ్రవరిలో తీశారు. డచ్చి ఈస్టిండియా కంపెనీ కమాండర్ యాన్ వాన్ రీబీక్ ఆ సంగతి తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఈ దక్షిణపు లోయలో చెప్పుకోదగ్గ ద్రాక్షతోట లేదు. ఊరికి దూరం, గాలి ఎక్కువ, కాపు తక్కువ. ఎంత మారుమూల అంటే, 1817లో కుష్ఠురోగులకు ఆశ్రమం పెట్టడానికి ఈ లోయను ఎంచుకున్నారు. 1840లలో ఆ రోగుల్ని అక్కణ్నుంచి రాబెన్ దీవికి తరలించారు. తర్వాతి శతాబ్దంలో నెల్సన్ మండేలాను బంధించింది ఆ దీవిలోనే.

దూరం కంటే పెద్ద అడ్డం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. 1918లో కె.డబ్ల్యూ.వి. అనే ద్రాక్ష రైతుల సహకార సంస్థ ఏర్పడింది. ధరలు కూలిపోకుండా రైతును కాపాడటం దాని ఉద్దేశం, ఆ ఉద్దేశం మంచిదే. కాలక్రమంలో ప్రభుత్వం దానికి చట్టబద్ధమైన అధికారాలు ఇచ్చింది. 1957 నుంచి ఎక్కడ ఎంత ద్రాక్ష పండించవచ్చో కోటాలు వచ్చాయి. కోటా ఉన్న భూమిలో పండితేనే వైన్‌గా అమ్ముకోవచ్చు. కోటాలు పాత, వెచ్చని, ఎక్కువ కాపు ఇచ్చే ప్రాంతాలకు ఉన్నాయి. రైతుకు డబ్బు బరువును బట్టి వచ్చేది, రుచిని బట్టి కాదు. మిగిలిపోయిన వైన్‌ను కాచి మద్యంగా మార్చేవారు.

చవక వైన్ అంతగా పారిన చోట దాని చేదు ఫలం కూలీల మీద పడింది. కేప్ తోటల్లో కూలిలో కొంత భాగాన్ని డబ్బుగా కాక వైన్‌గా పోసే ఆచారం ఉండేది. దాన్ని ‘డాప్’ అనేవారు. చట్టం వద్దన్న తర్వాత కూడా చాలాచోట్ల చాలాకాలం సాగింది. తల్లి కడుపులోనే మద్యం దెబ్బ తిన్న పిల్లలు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో వెస్టర్న్ కేప్ ఈనాటికీ ఒకటి. దక్షిణాఫ్రికా వైన్ గురించి రాస్తూ ఈ సంగతి దాటిపోవడం నాకు తప్పుగా తోస్తుంది. ఒక దేశం తక్కువ వైన్, మంచి వైన్ వైపు తిరగడం రుచి తెలిసినవాళ్ల సరదా మాత్రమే కాదు.

ఈ పరిస్థితిలో 1975లో టిమ్ హామిల్టన్ రస్సెల్ అనే ఆయన హేమెల్-ఎన్-ఆర్డలో 170 హెక్టార్లు కొన్నాడు. ఆయన రైతు కాదు, జొహానెస్‌బర్గ్‌లో ప్రకటనల రంగంలో పెద్ద ఉద్యోగి. బర్గండీ ద్రాక్షలకు తగిన చల్లని చోటు దేశంలో ఎక్కడుందా అని చాలా ఏళ్లు వెతికి, చట్టబద్ధంగా వైన్ తీయగలిగిన హద్దుల కొసకు చేరాడు. కానీ ఆయన కొన్న భూమికి కోటా లేదు. అధికారులతో ఏళ్ల తరబడి తగాదా పడ్డాడు. వైన్ తయారీదారు పీటర్ ఫిన్లేసన్ చేతి మీదుగా 1980ల మొదట్లో తోట నుంచి తొలి వైన్లు వచ్చాయి. కోటా పద్ధతి 1992లో రద్దయింది. అంటే, ఈ తోట పేరు తెచ్చుకున్న మొదటి పదేళ్లూ చట్టంతో కుస్తీ పడుతూనే గడిచాయి.

నాటడానికి మొక్కలు ఎలా దొరికాయి?

భూమి దొరికినంత తేలిగ్గా షార్డొనే దొరకలేదు. 1970లలో దక్షిణాఫ్రికాలో ఉన్న కొద్దిపాటి షార్డొనే తీగలు వైరస్ సోకి నీరసంగా ఉండేవి. బయటి నుంచి మంచి కొమ్మలు తెప్పించాలంటే క్వారంటైన్‌లో ఏళ్లు గడిచేవి. ఆ నిబంధన అన్యాయమని అనలేం. ఫిలాక్సెరా అనే పేను పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా తోటల్నీ, ఆ తర్వాత కేప్ తోటల్నీ వేళ్లతో సహా తినేసిన జ్ఞాపకం ఉంది. కానీ కదలని దస్త్రం ముందు ఓపిక పట్టలేని కొందరు పేరున్న రైతులు ఐరోపా నుంచి కొమ్మల్ని దొంగచాటుగా తెచ్చి నాటారు.

కొన్నేళ్లకు నిపుణులు ఆకులు పరిశీలించి ఒక మాట చెప్పారు. షార్డొనే అనుకుని నాటిన వాటిలో చాలా తీగలు షార్డొనే కాదు, ఓసెర్వా అనే వేరే రకం. ప్రభుత్వం క్లాపర్ కమిషన్‌ను వేసింది. దాని నివేదిక 1986లో వచ్చింది. దేశంలో షార్డొనేని ముందుగా నమ్మిన వాళ్లే, నమ్మకంతో నాటిన తీగలను పీకి మళ్లీ నాటుకోవలసి వచ్చింది.

చూసి చూసి అంతటి అనుభవజ్ఞులు ఎందుకు మోసపోయారు? దీనికి జవాబు 1999 దాకా దొరకలేదు. ఆ ఏడాది కాలిఫోర్నియా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు డి.ఎన్.ఏ. పరీక్షలు చేసి షార్డొనే తల్లిదండ్రుల్ని తేల్చారు. ఒకటి పీనో, బర్గండీ దొరలు మెచ్చిన ద్రాక్ష. రెండోది గ్వే బ్లాన్, నాసిరకమని కొన్నిచోట్ల నాటడమే నిషేధించిన బీదల ద్రాక్ష. అదే జంటకు పుట్టిన మరిన్ని రకాలు కూడా అప్పుడు బయటపడ్డాయి. ఆ జాబితాలో ఓసెర్వా ఉంది. షార్డొనేకి అది తోడబుట్టింది. రైతులు ఆకూ కాయా చూసి తేడా పట్టలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

రెండే రకాలు ఎందుకు?

1991లో టిమ్ కొడుకు ఆంథొనీ తోట బాధ్యత తీసుకున్నాడు. తండ్రి చోటు కనిపెడితే, ఆ చోటులో ఏది వద్దో కొడుకు తేల్చాడు. నా దృష్టిలో ఈ తోట చరిత్రలో అతి ముఖ్యమైన నిర్ణయం అదే. తోటలో అప్పటికి వేరే రకాలు కూడా ఉండేవి. నేలను విడివిడిగా తవ్వి పరీక్ష చేయించి, షేల్ అనే పొరల రాయి అరిగి ఏర్పడిన, రాళ్లు కలిసిన బంకమట్టి ఉన్న 52 హెక్టార్లను గుర్తించారు. హామిల్టన్ రస్సెల్ పేరు మీద ఆ నేలలోని షార్డొనే, ఎర్ర వైన్ ద్రాక్ష పీనో న్వార్ తప్ప ఇంకేదీ చేయకూడదని నిర్ణయించుకున్నారు. ఇసుకరాయి నేలల్లో బాగా వచ్చే సావినియాన్ బ్లాన్ లాంటివి వేరే పేరుతో, వేరే తోటకు వెళ్లిపోయాయి. ఆ పేరు సదరన్ రైట్, అఖాతంలోకి వచ్చే తిమింగలం పేరే.

బంకమట్టి ఏం చేస్తుంది? ఈ షేల్ బొక్కెవెల్డ్ శ్రేణికి చెందినది, వయసు దాదాపు 40 కోట్ల ఏళ్లు. దాని నుంచి వచ్చిన నేల సారం తక్కువది కాబట్టి తీగ ఆకు మీద ఆకు వేసి విజృంభించదు. గుత్తులు చిన్నవిగా, కాయలు బిగువుగా వస్తాయి. కేప్‌లో వాన చలికాలంలో పడుతుంది, పండు పండేది ఎండు వేసవిలో. చలికాలపు తడిని బంకమట్టి పట్టి ఉంచి, వేసవిలో కొద్దికొద్దిగా వేళ్లకు అందిస్తుంది. తీగ దాహంతో అల్లాడదు, అలాగని బలిసిపోదు.

ఇలాంటి వైన్ గురించి రాసేవాళ్లు రాతి రుచి, ఖనిజాల రుచి అని తరచు అంటారు. రాయి కరిగి వేళ్లలోంచి గ్లాసులోకి వచ్చిందన్నట్టు రాస్తారు. అది నిజం కాదు. వేళ్లు తీసుకునే ఖనిజాలు రుచి తెలిసేంత మోతాదులో వైన్‌లో ఉండవని భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ వివరంగా రాశారు. నేల ప్రభావం ఉంది, కానీ అది నీటి ద్వారా, తీగ పెరుగుదల ద్వారా, పులుపు మిగిలే తీరు ద్వారా పని చేస్తుంది. ఈ నిజం తెలిస్తే నేల మీద గౌరవం పెరుగుతుందే గాని తరగదు.

లోపల వైన్ ఎలా తయారవుతుంది?

దక్షిణార్ధగోళం కాబట్టి ఇక్కడ కోత ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది. గుత్తుల్ని చేత్తో కోస్తారు. మంచి షార్డొనేకి సాధారణంగా గుత్తిని కాడతో సహా మెల్లగా నొక్కి రసం తీస్తారు. కాడలు కాయల మధ్య సందు ఇవ్వడం వల్ల రసం తేలిగ్గా దిగుతుంది, తొక్కలోని వగరు తక్కువగా వస్తుంది. రసం కాస్త తేరుకున్నాక పీపాల్లోకి పోస్తారు. పులియడం పీపాలోనే జరుగుతుంది. స్టీలు తొట్టిలో పులియబెట్టి తర్వాత పీపాలో పోస్తే వచ్చే ఫలితం వేరు. పులుస్తున్నప్పుడే ఓక్ చెక్కతో ఉంటే, ఈస్ట్ ఆ చెక్క వాసనను కొంత తనలోకి తీసుకుని మార్చేస్తుంది. చెక్క వైన్‌లో కలిసిపోతుంది, పైకి తేలదు.

ఇక్కడ వాడే పీపా బర్గండీ కొలతది, 228 లీటర్లు, ఫ్రెంచి ఓక్‌తో చేసినది. అన్నీ కొత్తవి కావు. కొత్త పీపా వనిలా, వేయించిన గింజల వాసన ఎక్కువగా ఇస్తుంది. ఒకటి రెండేళ్లు వాడిన పీపా వాసన తగ్గించి, సన్నగా గాలిని మాత్రం లోపలికి పోనిస్తుంది. రెండూ కలిపి వాడటంలో నేర్పు ఉంది. కొద్ది భాగాన్ని మట్టి కుండల్లో కూడా పులియబెట్టి కలుపుతారు. మట్టి కుండ చెక్క వాసన ఇవ్వకుండా పీపాలాగే శ్వాస తీసుకోనిస్తుంది.

పులియడం పూర్తయ్యాక ఈస్ట్ చనిపోయి అడుగున మడ్డిగా దిగుతుంది. దాన్ని వెంటనే తీసేయరు. తొమ్మిది నెలల దాకా వైన్ ఆ మడ్డి మీదే ఉంటుంది. మడ్డి ఆక్సిజన్‌ను పీల్చుకుని వైన్ తాజాదనాన్ని కాపాడుతుంది. ఈస్ట్ కణాలు కరుగుతూ వైన్‌కు చిక్కదనం ఇస్తాయి. మడ్డి మీద ఉంచిన మంచి షార్డొనేలో చెకుముకిరాయి కొట్టినప్పుడు, అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే సన్నని వాసన ఒకటి ఉంటుంది. ఈస్ట్ పనిలో పుట్టే గంధకపు సమ్మేళనాల వల్ల వచ్చేది అది. సన్నగా ఉంటే అందం, ఎక్కువైతే లోపం.

చివరి నిర్ణయం మాలిక్ ఆమ్లం గురించి. పండులో చలి మిగిల్చిన ఆ పులుపును కొన్ని బాక్టీరియాలు లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పెరుగులో ఉండే మృదువైన ఆమ్లం అదే. ఈ మార్పు జరిగేటప్పుడు డయాసెటిల్ అనే పదార్థం పుట్టి వెన్న వాసన వస్తుంది. పూర్తిగా జరగనిస్తే వైన్ మెత్తబడుతుంది, అసలు జరగనివ్వకపోతే పదును కోసినట్టు ఉంటుంది. 1980, 90లలో కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా షార్డొనేలు చాలావరకు వెన్న వాసనతో, కొత్త ఓక్‌తో నిండిపోయి, షార్డొనే తప్ప ఇంకేదైనా ఇవ్వండి అని తాగేవాళ్లు అనే దాకా వెళ్లాయి. తర్వాత అదే మనుషులు అటు కొసకు వెళ్లి, పులుపు తప్ప ఏమీ లేని పల్చని వైన్లు తీశారు. హామిల్టన్ రస్సెల్‌లో ఈ మార్పును ఏడాదిని బట్టి కొంత భాగానికే పరిమితం చేస్తారు. సముద్రం మిగిల్చిన పులుపును సీసాలోకి చేర్చాలి, కానీ దాన్ని ఆయుధంగా చేయకూడదు. ఆ కొలత ప్రతి ఏడాదీ మారుతుంది, రుచి చూసి తేల్చుకోవలసిందే.

ఈ కొలత ఇక్కడ నేర్చుకున్నవాళ్లు లోయ అంతటా ఉన్నారు. మొదట వైన్ చేసిన పీటర్ ఫిన్లేసన్ బర్గండీకి చెందిన పాల్ బుషార్‌తో కలిసి పక్కనే బుషార్ ఫిన్లేసన్ పెట్టాడు. తర్వాత ఇక్కడ పని చేసిన కెవిన్ గ్రాంట్ అటరాక్సియా, హానెస్ స్టార్మ్ తన పేరుతోనే స్టార్మ్ వైన్స్ స్థాపించారు. 2014లో ఇక్కడ వైన్ తయారీ బాధ్యత ఎమ్యుల్ రాస్ తీసుకున్నాడు. ఒకప్పుడు కోటా కూడా లేని లోయలో ఇప్పుడు షార్డొనే, పీనో న్వార్ మీద బతికే తోటలు వరసగా ఉన్నాయి. లోయను అధికారికంగా మూడు ఉపప్రాంతాలుగా విభజించారు కూడా.

ధర ఎందుకు ఎక్కువ?

170 హెక్టార్లలో 52 మాత్రమే నాటినప్పుడు, సారం లేని నేలలో కాపు తక్కువైనప్పుడు, ధర పెరగక తప్పదు. ఒక కొత్త ఫ్రెంచి పీపా ధర వెయ్యి యూరోల దాకా పోతుంది. 228 లీటర్లంటే సుమారు 300 సీసాలు, కాబట్టి పీపాను ఒక్క ఏడాదికే వాడితే చెక్కకే సీసాకు మూడు యూరోలకు పైగా అవుతుంది. చేతి కోత, నెలల నిలవ దాని మీద. అయినా ఇదే స్థాయి బర్గండీ వైన్ ధరతో పోలిస్తే ఇది ఇంకా తక్కువే, చాలాసార్లు సగం కూడా ఉండదు. నాణ్యతకు తగిన ధర అడిగితే నేను దీని వైపే వేలు చూపిస్తాను.

ఎలా తాగాలి?

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇది మంచి దుకాణాల్లో దొరుకుతుంది. ఎక్కడ కొన్నా రెండు మూడు పొరపాట్లు చేయకండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టే చలిలో ఉన్న సీసాను అలాగే తెరిచి పోస్తే వాసన మూసుకుపోతుంది, పులుపు ఒక్కటే నాలుకకు తగులుతుంది. 10 నుంచి 12 డిగ్రీల మధ్య ఇది విప్పుకుంటుంది, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి ఓ ఇరవై నిమిషాలు బయట ఉంచాలి. సన్నని గ్లాసు కంటే కడుపు వెడల్పుగా ఉన్న గ్లాసు మేలు. కొత్త సీసాను వెంటనే తాగేయకుండా కోత నాటి నుంచి నాలుగైదేళ్లు ఆగగలిగితే పులుపు, చెక్క, పండు ఒకదానిలో ఒకటి కలుస్తాయి.

భోజనం సంగతికి వస్తే, చింతపండు, కారం దట్టించిన చేపల పులుసు పక్కన దీన్ని పెట్టకండి. పులుసు గెలుస్తుంది, వైన్ ఓడిపోతుంది, డబ్బు వృథా. పండుగప్పను వెన్నలో దోరగా వేయించి నిమ్మ పిండినా, రొయ్యల్ని కొబ్బరిపాలలో మిరియాలతో వండినా ఇది చక్కగా కుదురుతుంది. కారం ఎంత తగ్గిస్తే అంత మంచిది.